రీసెర్చ్ ఎథిక్స్, టెక్నాలజీ ఎథిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

సింధూర_పాల్వంచ · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బీటెక్ కంప్యూటర్స్ అయ్యాక కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేశాను. ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి వద్దో లోన్ యాప్‌లకు స్కోరు చెప్పే మోడళ్లు తయారుచేసే టీమ్ మాది. స్కోరు తక్కువ వచ్చిన మనిషికి అది ఎందుకు తగ్గిందో చెప్పే ఏర్పాటు ఎక్కడా లేదు. మీటింగ్‌లో అడిగితే అది మన పని కాదన్నారు. మరి ఎవరి పని? ఆ ప్రశ్నతోనే ఉద్యోగం మానేసి ఎంఏ ఫిలాసఫీలో చేరాను. ఈ మేతో అయిపోతుంది.

ఇక్కడితో ఆగకుండా టెక్నాలజీ ఎథిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. "చదువుకో బిడ్డా, నేను వద్దంటలేను. చదివినంక ఎవరు పిలిచి ఉద్యోగమిస్తరు?" అంటున్నారు. నా దగ్గర సరైన జవాబు లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు రోజూ ఏం పని చేస్తారు? జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఇండియాలో చేయాలా, బయటికి వెళ్లాలా? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

డాక్టర్_మాధవి_గుంటూరు · శుక్రవారం రాత్రి 10:55

సింధూర గారూ, నేను ఫార్మకాలజీ చెబుతాను, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించి అనుమతిచ్చే మా మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీకి మెంబర్ సెక్రటరీని కూడా. మీ నాన్నగారి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మన దేశంలో ఎథిక్స్ అనే పేరుతోనే నోటిఫికేషన్ పడే అధ్యాపక పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని మాత్రం కుప్పలుగా ఉంది. ఈ రెండూ కలిపి అర్థం చేసుకుంటేనే మీరు దారి వేసుకోగలరు.

ఎథిక్స్ కమిటీ సంగతి తీసుకోండి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం 7గురు ఉండాలి. వాళ్లలో డాక్టర్లు, శాస్త్రవేత్తలతో పాటు ఒక న్యాయ నిపుణుడు, ఈ రంగాలతో సంబంధం లేని ఒక మామూలు పౌరుడు, కనీసం ఒక మహిళ ఉండాలి. సగం మంది సంస్థకు బయటివాళ్లు కావాలి. సామాజిక శాస్త్రమో, తత్వశాస్త్రమో తెలిసిన సభ్యుడి కుర్చీ కూడా ఒకటుంది. మా దగ్గర ఆ కుర్చీకి మనిషి దొరక్క చాలాకాలం ఇబ్బంది పడ్డాం. తత్వశాస్త్రం చదివినవాళ్లకు ప్రోటోకాల్, అంటే పరిశోధన ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక, చదవడం రాదు, ప్రోటోకాల్ చదివేవాళ్లకు ఆ ప్రశ్నలు తట్టవు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీని పసిగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తామని ఒక బృందం మా దగ్గరికి వచ్చింది. పాత ఎక్స్‌రేలు వేల సంఖ్యలో కావాలి, పేషెంట్ల పేర్లు ఫైల్ హెడర్‌లోంచి (బొమ్మతో పాటు వివరాలు దాచే భాగం) తీసేస్తాం కాబట్టి విడిగా అనుమతి అక్కర్లేదు అని రాశారు. కాగితం మీద బాగానే ఉంది. మా సభ్యురాలు ఒకావిడ శాంపిల్ ఫైళ్లు తెప్పించి స్క్రీన్ మీద తెరిచారు. హెడర్ ఖాళీగానే ఉంది. ఫిల్మ్ పై మూలలో మాత్రం పేషెంట్ పేరు, ఇన్‌పేషెంట్ నంబరు, తేదీ తెల్లటి అక్షరాల్లో బొమ్మలోనే అచ్చయి ఉన్నాయి. హెడర్ ఎంత తుడిచినా అవి పోవు. ఫైలు వెనక్కి పంపాం. మూడు వారాల్లో ఆ మూలలన్నీ కత్తిరించి, ఎలా కత్తిరించారో రాసి మళ్లీ తెచ్చారు. ఆవిడ కంప్యూటర్స్ మనిషి కాకపోతే మేమందరం సంతకాలు పెట్టేసేవాళ్లం.

మీ బీటెక్ వృథా అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

వంశీ_ఎమ్‌ఎల్ · శుక్రవారం రాత్రి 11:30

మాధవి గారు చెప్పింది ఆసుపత్రుల వైపు. కంపెనీల వైపు పరిస్థితి నేను చెబుతాను, ఆ ఆశతో ఎవరూ నాలుగైదేళ్లు పెట్టకూడదని నా ఉద్దేశం.

గూగుల్ 2019 మార్చిలో ఏఐ ఎథిక్స్‌కు బయటివాళ్లతో సలహా మండలి పెట్టింది, వారం పదిరోజుల్లోనే రద్దు చేసింది. 2020 డిసెంబర్‌లో టిమ్నిట్ గెబ్రు గూగుల్ నుంచి బయటికి వచ్చారు. పెద్ద భాషా మోడళ్ల ప్రమాదాల మీద ఆవిడ రాసిన పరిశోధనా పత్రం దగ్గర మొదలైన గొడవ అది. తానే మానేశారని కంపెనీ అంటే, తీసేశారని ఆవిడ అన్నారు. 2023లో మైక్రోసాఫ్ట్ లేఆఫ్‌లలో ఎథిక్స్ అండ్ సొసైటీ టీమ్ మొత్తం పోయింది. మార్కెట్ బాగున్నప్పుడు పెట్టుకుంటారు, ఖర్చులు తగ్గించే రోజు రాగానే ముందు ఇలాంటి టీమ్ మీదే చెయ్యి పడుతుంది.

సింధూరా, నీకు కోడింగ్ వచ్చు. ఉద్యోగంలో ఉంటూనే ఫెయిర్‌నెస్, మోడల్ ఆడిటింగ్, అంటే మోడల్ ఎవరికైనా అన్యాయం చేస్తోందా అని తనిఖీ చేయడం, నేర్చుకో. ఆ పనికి జీతం ఉంది.

రాజశేఖర్_డెల్ఫ్ట్ · శనివారం ఉదయం 6:15

వంశీ గారు చెప్పిన సంఘటనలు నిజమే. కానీ యూనివర్సిటీ వైపు లెక్క వేరు. నేను నెదర్లాండ్స్‌లో టెక్నాలజీ ఎథిక్స్‌లో పీహెచ్‌డీ చివర్లో ఉన్నాను. ఇక్కడ పీహెచ్‌డీ అంటే సాధారణంగా ఉద్యోగం. నాలుగేళ్ల కాంట్రాక్టు, నెల జీతం, సెలవులు, పెన్షన్ జమ. ఫీజు కట్టేది లేదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఖాళీ ప్రకటిస్తారు, దరఖాస్తు పెడతాం, ఇంటర్వ్యూ చేస్తారు. డెల్ఫ్ట్, ఐందోవన్, ట్వెంటె, వాగెనింగెన్ టెక్నికల్ యూనివర్సిటీలు కలిసి ఎథిక్స్‌కు ఒక ఉమ్మడి కేంద్రం నడుపుతున్నాయి. ట్వెంటెలో సైన్స్, టెక్నాలజీ, సమాజం మీద తత్వశాస్త్రంలోనే మాస్టర్స్ ఉంది. నా క్లాస్‌మేట్లలో సివిల్ ఇంజినీర్లూ ఉన్నారు, నర్సుగా చేసినావిడా ఉన్నారు.

ఈ దేశానికి ఈ చదువు ఎందుకంత ముఖ్యమైందో కూడా చెప్పాలి. పిల్లల సంరక్షణ కోసం ఇచ్చే సబ్సిడీలో మోసాలు పట్టాలని ఇక్కడి పన్నుల శాఖ ఒక రిస్క్ మోడల్ వాడింది. డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని కూడా అది అనుమానానికి కారణంగా లెక్కేసింది. వేలాది కుటుంబాల మీద దొంగ ముద్ర పడింది, తీసుకున్న సొమ్మంతా వెనక్కి కట్టమన్నారు, అప్పుల్లో ఇళ్లు పోగొట్టుకున్నారు. చివరికి 2021 జనవరిలో ప్రధాని రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది.

చేదు సంగతీ దాచను. పీహెచ్‌డీ తరవాత రెండేళ్లకోసారి పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధకుడి ఉద్యోగం) కాంట్రాక్టులు, ఊళ్లు మారడం, వీసా టెన్షన్. పర్మనెంట్ పోస్టుకు పోటీ గట్టిగా ఉంటుంది. పెళ్లి, పిల్లలు, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ ఈ కాంట్రాక్టు తేదీల చుట్టూ సర్దుకోవాల్సి వస్తుంది.

సింధూర_పాల్వంచ · శనివారం ఉదయం 10:05

రాజశేఖర్ అన్నా, మీరు చెప్పిన కేసు చదువుతుంటే మన సమగ్ర వేదిక గుర్తొచ్చింది. తెలంగాణలో రేషన్ కార్డుల అర్హత తేల్చడానికి వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్, ఆస్తి వివరాలు లాంటి ప్రభుత్వ డేటాబేస్‌లన్నీ పేరు, అడ్రసు మీద కలిపిన వ్యవస్థ అది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారు ఉందని చూపించింది. కారు ఆయనది కాదు, ఇంచుమించు అదే పేరున్న ఇంకొకాయనది. ఆయన క్యాన్సర్‌తో చనిపోయాక కూడా ఆ కుటుంబం బియ్యం కోసం కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఫీల్డ్ వెరిఫికేషన్ లేకుండా రద్దు చేసిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పేర్ల మ్యాచింగ్ నేను ఉద్యోగంలో చేసిన పనే. ఎన్ని మార్కులు కలిస్తే ఇద్దరూ ఒకటే అనుకోవాలి అనే ఆ ఒక్క అంకెను ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. 90 పెడితే కొందరు అనర్హులు దొరక్కుండా పోతారు, 80 పెడితే కొందరు అర్హుల కంచం ఖాళీ అవుతుంది. ఆ అంకె ఎవరు పెట్టారు, ఏ అధికారంతో పెట్టారు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి? నా పీహెచ్‌డీ దీని మీదే చేయాలని ఉంది. ఇక్కడ ఉండి చేస్తే మంచిదా, బయటి నుంచా?

సుజాత_భద్రాచలం · శనివారం మధ్యాహ్నం 1:20

చెల్లీ, నీది పాల్వంచ అని చూసి రాస్తున్నా. నేను ప్రజారోగ్య పరిశోధనల్లో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. ఎథిక్స్ చదవాలనుకుంటే మన పాత ఖమ్మం జిల్లాలో జరిగింది ముందు చదువు.

2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద మన జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఒక ప్రాజెక్టు పెట్టారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసినది. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, మన దగ్గర 14 వేల మంది వరకూ వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. రెండు చోట్లా కలిపి 7గురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ లేచి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, క్యాన్సర్‌ను ఆపుతుంది, ఆ మాటలో నాకు సందేహం లేదు.

తప్పు అనుమతి తీసుకున్న పద్ధతిలో ఉంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక చూడు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లది. తల్లిదండ్రులు పది ఇరవై కిలోమీటర్ల దూరంలో పోడు పొలంలో ఉంటే, వార్డెన్ ఒకే పెన్నుతో వరసగా సంతకాలు చేస్తే దాన్ని అనుమతి అంటామా? పేరుకు ప్రోటోకాల్ ఉంది, కమిటీ ఆమోదం ఉంది, పత్రం ఉంది.

దాని ఫలితం నేను పనిలో చూస్తున్నా. కొన్ని గూడేల్లో ఇప్పటికీ ఏ సర్వేకి వెళ్లినా "ఇది కూడా ఆ సూదేనా" అని అడిగే తల్లులున్నారు. మంచి టీకా మీద కూడా నమ్మకం పోయింది.

పీహెచ్‌డీ ఎక్కడ చేసినా చెయ్యి తల్లీ, కానీ ముందు కొంతకాలం ఫీల్డ్‌లో తిరుగు. రేషన్ షాపు దగ్గర వేలిముద్ర పడక తిరిగిపోయే ముసలమ్మతో నడిచి వాళ్లింటిదాకా వెళ్లు. అది చూడకుండా రాసిన థీసిస్‌లో ఆవిడ ఉండదు.

కోటేశ్వరరావు_తెనాలి · శనివారం సాయంత్రం 5:45

అమ్మా సింధూరా, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సామాన్య పౌరుడి స్థానంలో కూర్చుంటున్నాను. మాధవి గారు చెప్పిన 7గురిలో డాక్టరీ తెలియని కుర్చీ అన్నమాట.

మా పని ఎలా ఉంటుందో చూడు. షుగరు మందు మీద ఒక అధ్యయనం వచ్చింది. అనుమతి పత్రం 14 పేజీలు, తెలుగు బాగానే ఉంది. నేను అడిగింది ఒక్కటే, ఈ పత్రం పేషెంటు చేతికి ఏ టైముకు ఇస్తారు? పొద్దున్నే ఏడింటికి రక్తం తీసే లైన్లో అన్నారు. రాత్రి నుంచి పరగడుపున ఉన్న మనిషి, వెనకాల ఇరవై మంది నిలబడి ఉండగా 14 పేజీలు చదువుతాడా? ముందు రోజు ఓపీలోనే ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లనిచ్చి, మర్నాడు సంతకం తీసుకోవాలని రాయించాం.

అదే పత్రంలో, ఏ ఇబ్బంది వచ్చినా 24 గంటలూ ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది. మీటింగ్‌లోనే స్పీకర్ పెట్టి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఆగే దాకా మోగింది, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు సాయంత్రం నాలుగు. రాత్రి రెండింటికి ఎవరు ఎత్తుతారు? నంబరు మార్చి, డ్యూటీలో ఉండే డాక్టరు పేరుతో సహా వేశాకే అది మా ముందుకు మళ్లీ వచ్చింది.

ఇందులో డబ్బు లేదమ్మా, సిట్టింగ్ ఫీజు దారి ఖర్చులకు సరిపోతుంది. జీతం మీరు వేరేచోట చూసుకోవాలి. కానీ చదువుకున్న పిల్లలు ఇటు రావాలి. మేం ఇంగితంతో అడుగుతున్నాం, మీ మోడళ్ల లోపల ఏముందో అడగడం మాకు రాదు.

వంశీ_ఎమ్‌ఎల్ · శనివారం రాత్రి 8:10

మాస్టారి పోస్టుకు దండం. నా అనుమానం ఇంకొకటి ఉంది, రాజశేఖర్ గారికి. యూనివర్సిటీలకు డబ్బు ఎవరిస్తున్నారు? 2019లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో ఏఐ ఎథిక్స్ సంస్థకు ఫేస్‌బుక్ 75 లక్షల డాలర్లు ఇచ్చింది. ఎవరి మీద పరిశోధించాలో వాళ్లే గ్రాంట్ ఇస్తే ఆ పరిశోధన నిలుస్తుందా?

రాజశేఖర్_డెల్ఫ్ట్ · ఆదివారం తెల్లవారుజామున 1:30

మ్యూనిక్ విషయంలో అప్పట్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి. షరతులు లేవని వాళ్లు చెప్పారు. నా వరకు కొలత ఏమిటంటే, డబ్బిచ్చిన కంపెనీకి నచ్చని ఫలితం వస్తే అచ్చు వేసే హక్కు పూర్తిగా పరిశోధకుడిదే అని ఒప్పందంలో రాసి ఉండాలి. ఆ ఒప్పందం జనం చూడగలిగేలా ఉండాలి. రాసి లేకపోతే నేను ఆ డబ్బు తీసుకోను. నా జీతం ప్రభుత్వ పరిశోధనా నిధి నుంచి వస్తోంది. యూరప్‌లో ఎథిక్స్ పీహెచ్‌డీ చూసేవాళ్లు ఇంటర్వ్యూలోనే ఈ ప్రశ్న అడగాలి, సిగ్గుపడొద్దు.

కంపెనీల లోపల జరిగే పరిశోధనకు బయటి కమిటీ లేకపోతే ఏమవుతుందో 2014లోనే చూశాం. ఫేస్‌బుక్ 6,89,003 మంది ఫీడ్‌లో సంతోషం కలిగించే పోస్టులు కొందరికి, విచారం కలిగించేవి కొందరికి తగ్గించి, వాళ్ల రాతలు ఎలా మారతాయో చూసింది. వాళ్లలో ఎవరికీ తాము ప్రయోగంలో ఉన్నామని తెలియదు. డేటా కంపెనీది కాబట్టి తమ కమిటీ సమీక్ష అక్కర్లేదని, ఆ పరిశోధనలో తమవాళ్లూ పాల్గొన్న కార్నెల్ యూనివర్సిటీ భావించింది. పత్రం అచ్చేసిన జర్నల్ తరవాత ఆందోళన వ్యక్తం చేస్తూ సంపాదకీయ ప్రకటన ఇచ్చింది. సింధూర గారూ, రీసెర్చ్ ఎథిక్స్, టెక్నాలజీ ఎథిక్స్ రెండూ ఒకచోట కలిసే కేసు ఇదే. క్లాసులో చెప్పడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు.

నసీమా_లా · ఆదివారం ఉదయం 11:00

న్యాయశాస్త్రం వైపు నుంచి నా మాట. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కు అయింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబర్‌లో దాని నిబంధనలు వచ్చాయి. పరిశోధన కోసం డేటా వాడితే ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. దానికి రెండు షరతులు. ఆ డేటాతో ఒక నిర్దిష్ట వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిబంధనల్లో చెప్పిన ప్రమాణాలు పాటించాలి. ఈ ప్రమాణాలు పాటిస్తున్నారో లేదో ప్రతి యూనివర్సిటీలో ఎవరో ఒకరు చూడాలి కదా. మెడికల్ కాలేజీల్లో కమిటీలున్నాయి. నాకు తెలిసిన ఇంజినీరింగ్ కాలేజీల్లో మాత్రం విద్యార్థి ప్రాజెక్టుకు క్లాస్‌మేట్ల ముఖాల ఫోటోలు తీసుకుంటుంటే అడిగే నాథుడు లేడు. ఉద్యోగాలు పుట్టబోయేది ఇక్కడే అని నా నమ్మకం.

సమగ్ర వేదిక మీద ఇక్కడి నుంచే చేయండి సింధూరా. సమాచార హక్కు దరఖాస్తులు, కోర్టు అఫిడవిట్లు, టెండర్ పత్రాలు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. బయటి నుంచి చేసేవాళ్లు ఆ అఫిడవిట్ సంపాదించడానికే ఏడాది పడతారు.

శ్రీనివాస్_గ్రంథాలయం_తిరుపతి · ఆదివారం మధ్యాహ్నం 3:25

ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. పీహెచ్‌డీ చేరిన ప్రతి విద్యార్థీ రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సు చదవాలని యూజీసీ 2019లో చెప్పింది. 2 క్రెడిట్లు, 30 గంటలు. తత్వశాస్త్రం, నైతికత యూనిట్‌తోనే మొదలవుతుంది. ఆ పాఠం చెప్పేవాళ్లు లేక చాలాచోట్ల మాలాంటి లైబ్రేరియన్లకు అప్పగిస్తున్నారు. సిమిలారిటీ, అంటే వేరేచోటి రాతలతో కలిసే శాతం, 10 లోపు ఎలా తేవాలి అన్నది తప్ప పిల్లలు ఇంకోటి అడగడం లేదు. డేటా కల్పించి రాసినా ఆ శాతం సున్నా చూపిస్తుందని చెబితే ఆశ్చర్యపోతున్నారు. మీలాంటివాళ్లు ఫిలాసఫీలో నెట్ (అధ్యాపక అర్హతకు జాతీయ స్థాయి పరీక్ష) పాసై ఉంటే ఈ కోర్సు పేరు చెప్పి యూనివర్సిటీల తలుపు తట్టవచ్చు. నెట్ మాత్రం వదలొద్దు, దాని ద్వారా జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే ఇంట్లోవాళ్లకు కూడా ధైర్యం.

సింధూర_పాల్వంచ · ఆదివారం రాత్రి 9:15

అందరికీ కృతజ్ఞతలు. నాన్నకు మాస్టారి పోస్టు చదివి వినిపించాను. "ఆ ఫోన్ చేసి చూసుడు బాగుంది" అన్నారు. ఉద్యోగం మాట ఇంకా తేలలేదు కానీ ముందు రోజుల్లా కొట్టిపారేయడం లేదు.

జూన్ నెట్ రాస్తాను. జేఆర్‌ఎఫ్ వస్తే హైదరాబాద్‌లోనే, సమగ్ర వేదిక మీదే. రాజశేఖర్ అన్నా, అక్కడి ఖాళీలకు కూడా పెడతాను, ఈ రెండు దేశాల కేసులను పక్కపక్కన పెట్టి చూసే ప్రపోజల్ అయితే వాళ్లకు ఆసక్తి ఉంటుందా? సుజాత అక్కా, పరీక్ష అవగానే భద్రాచలం వస్తాను, మీతో ఫీల్డ్‌కి తీసుకెళ్లండి.

మాధవి మేడమ్, కమిటీ మీటింగ్ ఒక్కసారైనా కూర్చుని చూడొచ్చా?

రాజశేఖర్_డెల్ఫ్ట్ · ఆదివారం రాత్రి 10:20

ఖచ్చితంగా ఉంటుంది. అయితే తేడాలు కూడా రాయి. ఇక్కడ నష్టపోయినవాళ్లకు పరిహారం కోసం ప్రత్యేక వ్యవస్థ పెట్టాల్సి వచ్చింది, అది కూడా నత్తనడకే. మీ దగ్గర కార్డు తిరిగొచ్చినవాళ్లకు ఆ మధ్య ఏళ్ల బియ్యం సంగతేమిటి? ప్రపోజల్‌లో ఆ ప్రశ్న పెడితే ఎవరూ పక్కన పెట్టలేరు. రాసి పంపు, చదువుతాను.

డాక్టర్_మాధవి_గుంటూరు · సోమవారం ఉదయం 7:50

రావచ్చమ్మా. పరిశీలకులను అనుమతిస్తాం, ముందు గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఓటు ఉండదు, ఛైర్మన్ గారు అడిగితే తప్ప మాట్లాడకూడదు. వచ్చే మీటింగ్‌లో రెటీనా ఫోటోల మీద ఏఐ వాడే ప్రోటోకాల్ ఒకటి ఉంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, 2023లో ఏఐ మీద ఇచ్చినవి రెండూ చదువుకుని రండి. తేదీ, వివరాలు మెసేజ్‌లో పంపుతున్నాను.